వాన దిగే కనుమల్లో నాలుగు బళ్లు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మా నాయనమ్మ ఆ రోజు ఇంట్లో ఎవర్నీ పొలిమేర దాటనిచ్చేది కాదు. కనుమ అంటే పండగ ఒక్కటే కాదని, రెండు కొండల నడుమ దారిని కూడా కనుమే అంటారని నాకు బడిలో పడమటి కనుమల పాఠం చదివినప్పుడు తెలిసింది. ఆ కనుమల్లోకే, అదీ ముసురు పట్టిన జులై నెలలో, హైదరాబాద్ నుంచి నలుగురు స్నేహితులం నాలుగు బళ్ల మీద బయల్దేరాం.

పటాన్‌చెరు, జహీరాబాద్, షోలాపూర్ మీదుగా పుణె వెళ్లే రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారి. దీని ఒక కొస పుణె, రెండో కొస బందరు. అంటే కృష్ణ పుట్టే కొండల దాపు నుంచి కృష్ణ కలిసే సముద్రం దాకా ఒకటే రోడ్డు. ముందురోజు రాత్రి మ్యాపు పరుచుకుని కూర్చున్నప్పుడు ఈ సంగతి తట్టింది. తొమ్మిది రోజులూ నా తలలో అదే తిరిగింది.

దారి పొడవునా పోగైన విశేషాలివి. కొన్ని రికార్డు పుస్తకాల్లోకి ఎక్కినవి, కొన్ని ఎక్కడా ఎక్కనివి. ఎక్కనివే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

ఎత్తుకు బోర్డుంది, వానకు లేదు

బైకు యాత్ర అనగానే అందరి మనసూ లద్దాఖ్ మీదికే పోతుంది. ఖర్దుంగ్‌లా కనుమ మీద 18,380 అడుగులని రాసిన బోర్డు పక్కన ఫొటో దిగాలని బండి కొన్న ప్రతివాడికీ ఉంటుంది. జీపీఎస్‌తో కొలిస్తే మాత్రం దాని ఎత్తు 17,582 అడుగులే అని తేలింది. దాదాపు 800 అడుగుల తేడా. ప్రపంచంలో బండి వెళ్లగల అతి ఎత్తైన రోడ్డుగా గిన్నిస్ గుర్తింపు 2021లో ఉమ్లింగ్‌లాకు దక్కింది. దాని ఎత్తు 19,024 అడుగులు. సరిహద్దు రహదారుల సంస్థ చిసుమ్లే నుంచి దేమ్‌చోక్ దాకా వేసిన 52 కిలోమీటర్ల రోడ్డు ఈ కనుమ మీదుగానే వెళ్తుంది. అప్పటిదాకా ఆ పేరు బొలీవియాలోని ఉతురుంకు అగ్నిపర్వతం రోడ్డుకు ఉండేది. 2025 అక్టోబరులో అదే సంస్థ మిగ్‌లా మీద 19,400 అడుగుల దాకా రోడ్డు తీసుకెళ్లి తన రికార్డును తానే దాటేసింది. ఎవరెస్టు ఎక్కేవాళ్లు నేపాల్ వైపు గుడారాలు వేసుకునే బేస్ క్యాంపు 17,600 అడుగుల దగ్గరే ఉంటుంది. ఉమ్లింగ్‌లా మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగానికి సగం. మనిషికీ ఊపిరాడదు, ఇంజనుకూ ఆడదు.

అంత ఎత్తున లేనిది ఒకటే, వాన. లేహ్‌లో ఏడాదంతా కలిపి పడేది 100 మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది. ఆశ్వయుజంలో వాయుగుండం పట్టిందంటే హైదరాబాద్‌లో అంత వాన ఒక్క రాత్రిలో కురిసిపోతుంది. మరి కర్ణాటకలోని ఆగుంబె కనుమ చూడండి. ఎత్తు 650 మీటర్లు కూడా లేదు, వాన మాత్రం ఏటా 7,000 మి.మీ. పైమాటే. వాన కనుమలు పొట్టివి. వాటి పక్కన ఎత్తు రాసిన బోర్డు పెట్టాలని ఎవరికీ అనిపించదు. వాన కొలత రాసిన బోర్డు నాకు ఏ కనుమలోనూ కనపడలేదు.

వాన లెక్కల్లో ప్రపంచంలోనే పెద్దపీట మేఘాలయది. మాసిన్‌రామ్‌లో ఏటా సగటున 11,872 మి.మీ. దాని పొరుగున ఉన్న చిరపుంజిలో 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా పన్నెండు నెలల్లో 26,461 మి.మీ. కురిసింది. అంటే ఇరవై ఆరు మీటర్లకు పైగా. ఎనిమిది అంతస్తుల మేడ మునిగిపోయేంత నీరు. అందులో 1861 జులై నెల వాటా ఒక్కటే 9,300 మి.మీ. రెండు రోజుల వానకు ప్రపంచ రికార్డు కూడా చిరపుంజిదే. 1995 జూన్ 15, 16 తేదీల్లో అక్కడ 2,493 మి.మీ. పడింది. ఒక్క రోజు రికార్డు మాత్రం హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి పోయింది. అక్కడి ఫోక్‌ఫోక్ అనే కొండ చోట 1966 జనవరిలో తుపాను వచ్చి 24 గంటల్లో 1,825 మి.మీ. కుమ్మరించింది. 2005 జులై 26న బొంబాయిని ముంచేసిన వాన 944 మి.మీ. అని గుర్తుచేసుకుంటే, ఈ అంకె ఎంతటిదో తెలుస్తుంది.

పైకి పారే జలపాతం, నాణేల కనుమ

రెండో రోజు జున్నర్ చేరాం. అక్కడి నుంచి కొండల్లోకి ముప్పై కిలోమీటర్లు వెళ్తే ఘాట్‌ఘర్ దాటాక రోడ్డు ఉన్నట్టుండి ఆగిపోతుంది. దాని ముందు పీఠభూమి కూడా ఆగిపోతుంది. అదే నానేఘాట్. కింద కొంకణ తీరం ఉంటుంది, కానీ మాకు తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. బళ్లు నిలబెట్టి అంచు దాకా నడిచాం. సన్నటి వాగు ఒకటి అంచు మీదనుంచి దూకుతోంది. దూకిన నీరు కింద పడటం లేదు. అరేబియా సముద్రం మీదనుంచి వచ్చే గాలి కొండగోడకు కొట్టుకుని నిలువునా పైకి లేస్తూ, ఆ నీటిని తుంపర చేసి మళ్లీ మా ముఖాల మీదికే విసురుతోంది.

"ఒరేయ్, ఈ నీళ్లు పైకి పోతున్నాయేంట్రా!" అన్నాడు మా బుల్లెట్ మిత్రుడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.

కనుమల్లో అంత వాన ఎందుకు పడుతుందో చెప్పడానికి ఆ ఒక్క దృశ్యం చాలు. సముద్రం మీద తడిసిన గాలికి దాదాపు 1,600 కిలోమీటర్ల కొండల గోడ అడ్డం. పక్కకు పోయే దారి లేక గాలి పైకి ఎక్కుతుంది, ఎక్కేకొద్దీ చల్లబడుతుంది, మోసుకొచ్చిన నీళ్లన్నీ అక్కడే దించేస్తుంది. గోడ దాటాక దాని దగ్గర మిగిలేది కొంచెమే. అందుకే మన మహబూబ్‌నగర్, అనంతపురం మబ్బు కోసం ఎదురుచూస్తాయి.

నానేఘాట్‌లో అసలు విశేషం అంచుకు కాస్త దిగువన, రాతిలో తొలిచిన గుహ. జారుడు మెట్ల మీద ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని దిగాం. లోపల గోడల నిండా బ్రాహ్మీ లిపి. శాతవాహన రాణి నాగానిక వేయించిన శాసనమది. రెండు వేల ఏళ్ల కిందటిది. రాజు చేసిన యజ్ఞాలు, దక్షిణగా ఇచ్చిన ఆవులు, గుర్రాలు, ఏనుగులు, కార్షాపణ నాణేలు, అన్నీ అంకెలతో సహా రాసి ఉన్నాయి. మన దేశంలో అంకెలు కనిపించే అతి పాత శాసనాల్లో ఇదొకటి. వెనక గోడ మీద శాతవాహన కుటుంబం బొమ్మలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి పాదాలు, పైన పేర్లు. ఆ పేర్లలో మొదటిది సిముకుడిది. కోటిలింగాలలో దొరికిన నాణేల మీద ఉన్న సిముకుడే. కరీంనగర్ వైపు గోదావరి ఒడ్డున దొరికిన పేరును ఇక్కడ సముద్రం వైపు తిరిగి ఉన్న గుహలో చూస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

కనుమ పైన పెద్ద రాతి కుండ ఒకటుంది. కళ్యాణ్, సొపారా రేవుల నుంచి సరుకు మోసుకుని పైకి వచ్చే వర్తకులు సుంకం నాణేలు అందులో వేసేవారట. మరాఠీ నాణే, మన నాణెం ఒకటే మాట. రోడ్డు పన్ను వసూలు చేసిన చోటుకు గుర్తుగా ఇంత పాత వస్తువు మన దేశంలో మరోటి నేను చూడలేదు. మేం వెళ్లే దారి టోల్‌గేట్లలో బళ్లకు రుసుము లేదు, అక్కడా లేదు. అయినా ఒక్కొక్కరం రూపాయి బిళ్ల తీసి ఆ కుండలో వేశాం.

ఆ పీఠభూమి మీద పడ్డ చినుకు ఎటు పోతుందో తెలుసా? పక్కనే కుకడి నది పుడుతుంది. కుకడి ఘోడ్‌లో, ఘోడ్ భీమలో, భీమ మన నారాయణపేట జిల్లా అంచున కృష్ణలో కలుస్తాయి. అంచుకు ఇటు పడ్డ చినుకు నాగార్జునసాగర్ దాకా వస్తుంది. ఒక్క మూర అటు పడితే సాయంత్రానికి అరేబియా సముద్రం.

దారి చూపినవాళ్లు

మూడో రోజు మాల్షేజ్ ఘాట్‌లో బుల్లెట్ క్లచ్ కేబుల్ తెగింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో పొగమంచు. లారీ లైట్లు దగ్గరికొచ్చేదాకా కనపడటం లేదు. బండిని రోడ్డు దింపి, వెనక యాభై అడుగుల దూరాన ఒకడు టార్చితో నిలబడ్డాడు. ఇద్దరం ప్లాస్టిక్ పట్టా పట్టుకున్నాం. బుల్లెట్ వాడు పెట్రోల్ ట్యాంకు కిందినుంచి కొత్త కేబుల్ బయటికి లాగాడు. వాళ్ల నాన్న నేర్పిన పద్ధతట అది. పాత కేబుల్ వెంబడే కొత్తదాన్ని ముందే కట్టి ఉంచుతారు. తెగితే రెండు కొసలూ మార్చి తగిలిస్తే చాలు. పది నిమిషాల పని. ఆ బండి కూడా వాళ్ల నాన్నదే. బుల్లెట్ అనే పేరు 1932లో పుట్టింది, మద్రాసులో ఆ బళ్ల తయారీ 1955లో మొదలైంది. ఇంతకాలం ఆగకుండా తయారవుతున్న మోటారు సైకిల్ పేరు ప్రపంచంలో మరొకటి లేదు. దాని వయసుకన్నా నాకు ఆ కట్టి ఉంచిన కేబులే గొప్పగా తోచింది.

ఆ తర్వాత భోర్ ఘాట్. ముంబై, పుణె నడుమ ఉన్న ఎక్స్‌ప్రెస్‌వే 2002లో పూర్తయింది. దాని మీద బైకులకు ప్రవేశం లేదు. ఖండాలా నుంచి ఖోపోలీ దిగే పాత రోడ్డే మాకు దారి. ఈ కనుమలో రైలు దారిని 1863లో తెరిచారు. 25 సొరంగాలు, 37 అడుగులకు ఒక అడుగు ఎక్కే వాలు. ఒక దశలో 40 వేల మందికి పైగా కూలీలు పనిచేశారు. జబ్బులతో, ప్రమాదాలతో వేలమంది పోయారు. గుత్తేదారు సాలమన్ ట్రెడ్‌వెల్ వచ్చిన కొద్ది రోజులకే చనిపోతే, ఆయన భార్య ఆలిస్ ఆ పని తన చేతుల్లోకి తీసుకుని పూర్తి చేయించింది. 1859లో ఒక ఆడమనిషి ఇంత పెద్ద గుత్త నడపడం ఎంత అరుదో చెప్పక్కర్లేదు.

కానీ పాత రోడ్డు పక్కన గుడి ఉన్నది ఇంజినీర్లకు కాదు. షింగ్రోబా అనే గొర్రెల కాపరికి. కొండలో ఏ వైపు నుంచి దారి వెయ్యాలో తెల్లవాళ్లకు తోచనప్పుడు, తన మందను తోలుకుపోయే బాట చూపించాడట. ప్రతిఫలం ఏం కావాలంటే, మా దేశాన్ని మాకు విడిచిపెట్టమన్నాడట. కాల్చేశారని చెప్పుకుంటారు. ఇప్పటికీ ఘాట్ దిగే డ్రైవర్లు అక్కడ ఒక నాణెం విసిరి ముందుకెళ్తారు.

ఇలాంటి కథే కేరళలో వయనాడ్‌కు ఎక్కే తామరశ్శేరి కనుమలోనూ ఉంది. అక్కడ తొమ్మిది హెయిర్‌పిన్ మలుపులు. ఆ దారి చూపినవాడు కరింతండన్ అనే పణియ తెగ యువకుడు. పేరంతా తనకే దక్కాలని తెల్ల ఇంజినీరు అతన్ని చంపేశాడంటారు. ఆ తర్వాత అతని ఆత్మ ఆ దారిన పోయేవాళ్లను పట్టుకుంటుంటే, లక్కిడి దగ్గర ఒక చెట్టుకు గొలుసుతో కట్టేశారట. గొలుసు చెట్టు ఇప్పటికీ ఉంది. చెట్టుతోపాటే గొలుసూ పెరుగుతోందని అక్కడివాళ్ల నమ్మకం. వందల మైళ్ల దూరాన ఉన్న రెండు కనుమలు, రెండు భాషలు, ఒకే కథ. చరిత్ర పుస్తకాలు దీన్ని నిరూపించలేకపోవచ్చు. పశువుల కాళ్లే మొదట దారి వేశాయన్నది మాత్రం నేను నమ్ముతాను. బండి మీద ఆ మలుపులు తిరుగుతుంటే, కొండను మేక ఎలా ఎక్కుతుందో రోడ్డు కూడా అలాగే ఎక్కుతున్నట్టు తెలుస్తుంది.

మలుపుల మాట వచ్చింది కాబట్టి అంకెలు చెప్పేస్తాను. తమిళనాడులో కొల్లి కొండల రోడ్డుకు 70 హెయిర్‌పిన్ మలుపులు. ఆల్ప్స్‌లో ప్రపంచమంతా చెప్పుకునే స్టెల్వియో కనుమకు ఉత్తరం వైపు 48. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో గాటా లూప్స్‌కు 21. ఆగుంబెకు 14.

లాడ్జి గదిలో లోకం చుట్టిన కథలు

ఆ రాత్రి లోనావ్లా లాడ్జిలో గది నిండా తాళ్లు కట్టి బట్టలు ఆరేశాం. ఫ్యాను కింద చేతి తొడుగులు, బూట్లలో కుక్కిన పాత పేపర్లు, మధ్యలో కూర్చుని వేడి వడాపావ్‌లు. బళ్ల మీద లోకం చుట్టినవాళ్ల కబుర్లు అప్పుడే మొదలయ్యాయి. 1912, 13 సంవత్సరాల్లోనే కార్ల్ స్టెర్న్స్ క్లాన్సీ అనే అమెరికన్ హెండర్సన్ బండి మీద భూమి చుట్టి వచ్చాడు. అర్జెంటీనాకు చెందిన ఎమిలియో స్కోటో 1985 జనవరిలో బయల్దేరి 1995 ఏప్రిల్‌లో ఇల్లు చేరాడు. 7,35,000 కిలోమీటర్లు. ఒకే బండి, దాని పేరు నల్ల యువరాణి.

మనవాళ్లూ ఉన్నారు. విశాఖపట్నానికి చెందిన భరద్వాజ్ దయాల 2006 ఏప్రిల్‌లో మన దేశంలో తయారైన కరిజ్మా బండి మీద ఒంటరిగా బయల్దేరి, ఏడాదిన్నరలో 16 దేశాలు, 47,000 కిలోమీటర్లు తిరిగి వచ్చాడు. 2018లో జయభారతి మరో ముగ్గురు మహిళలతో కలిసి హైదరాబాద్ నుంచి బళ్ల మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి వచ్చారు. మన దేశంతో కలిపి ఆరు దేశాలు, 17,000 కిలోమీటర్లు. ఆ రాత్రి మా గదిలో ఈ పేరు ఎత్తింది మా లెక్చరర్ మిత్రుడు. వాళ్లమ్మాయి ఇంటర్ చదువుతోంది, బండి నేర్పమని అడుగుతోందట. ఇంటికి వెళ్లగానే నేర్పిస్తానని అప్పుడే అనుకున్నాడు.

ఆవు నోటి నుంచి కృష్ణమ్మ

మహాబలేశ్వర్‌లో మేం ఉన్న రెండు రోజులూ సూర్యుడు కనపడలేదు. అక్కడ ఏటా 5,500 మి.మీ. పైచిలుకు వాన. ఇరవై కిలోమీటర్ల దూరం కూడా లేని పంచ్‌గనిలో 2,000 లోపు. ఇంకా కిందికి దిగి వాయికి వస్తే 1,000 కూడా దాటదు. బండి మీద గంటన్నర దూరంలో మూడు వాతావరణాలు ఒంటికి తగులుతాయి. పైన రెయిన్‌కోటు గుండీలన్నీ పెట్టుకున్నవాళ్లం వాయి చేరేసరికి విప్పి సీటు మీద వేసుకున్నాం.

పాత మహాబలేశ్వర్‌లో పంచగంగ గుడి ఉంది. అక్కడ రాతి ఆవు నోటి నుంచి నీటిధార పడుతుంది. కృష్ణ, వెణ్ణా, కోయనా, గాయత్రి, సావిత్రి, ఈ ఐదు నదులూ అందులోనే ఉన్నాయని భక్తుల నమ్మకం. కృష్ణ పుట్టిన ఈ చోటు నుంచి అరేబియా సముద్రం 64 కిలోమీటర్లే. అయినా ఆ నది అటు పోకుండా తూర్పుకు తిరిగి 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గోదావరిదీ ఇదే దారి. త్ర్యంబకం దగ్గర పుట్టి, పడమటి సముద్రాన్ని 80 కిలోమీటర్ల దూరంలోనే వదిలేసి, 1,465 కిలోమీటర్లు మన వైపు వస్తుంది. మా నలుగురిలో ఇద్దరివి కృష్ణా ఆయకట్టు ఊళ్లు. ఆ ధార కింద దోసిలి పట్టినప్పుడు ఎవరూ మాట్లాడలేదు.

అంబోలి కనుమలో ఒక పూటే ఆగాం. అక్కడ పుట్టే హిరణ్యకేశి నది కూడా ఘటప్రభలో కలిసి కృష్ణకే చేరుతుంది. చిటికెన వేలంత అంబోలి కప్ప ప్రపంచంలో ఆ చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా లేదు. రాత్రిపూట ఆ రోడ్డు మీద బండి మెల్లగా నడపమని టీకొట్టు పెద్దాయన మరీమరీ చెప్పాడు, మా కోసం కాదు, కప్పల కోసం.

నీళ్లతోపాటు వెనక్కి

ఆగుంబె మా చివరి కనుమ. దక్షిణాది చిరపుంజి అని దీనికి పేరు. 1946 ఆగస్టు ఒక్క నెలలోనే ఇక్కడ 4,508 మి.మీ. కురిసింది. ప్రపంచంలో అతి పొడవైన విషసర్పం రాచనాగుకు ఈ అడవి పుట్టిల్లు లాంటిది. పాముల శాస్త్రవేత్త రోములస్ విటేకర్ 2005లో ఇక్కడే పరిశోధన కేంద్రం పెట్టారు. శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్' సీరియల్ తీసింది కూడా ఈ ఊళ్లోనే. ఊళ్లోని దొడ్డమనె ఇంట్లో మాకు మిరియాలు, జీలకర్ర వాసన వేసే కషాయం పాలతో కలిపి ఇచ్చారు. గ్లాసు చుట్టూ వేళ్లు చుట్టి పట్టుకుంటే, తొడుగుల్లో నాని తెల్లగా ముడతలు పడ్డ చర్మంలోకి వేడి నెమ్మదిగా పాకింది.

పద్నాలుగు మలుపులూ ఒకసారి దిగి, మళ్లీ ఎక్కాం. రోడ్డు మీద తెల్లగీత తడిస్తే అద్దంలా జారుతుంది. దాని మీద చక్రం పెట్టకూడదు. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. మలుపుకు ముందే వేగం తగ్గించి, గేరు దించి, తిరిగాక మెల్లగా థ్రాటిల్ ఇవ్వాలి. ఎనిమిది రోజులుగా ఇవన్నీ ఒకరికొకరం అరుచుకుంటూ చెప్పుకున్నాం. ఆ రోజు ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

తిరుగు ప్రయాణం తీర్థహళ్లి, శివమొగ్గ, హోసపేట మీదుగా. ఆగుంబె తూర్పు వాలు మీద పడ్డ వాన తుంగలోకి పోతుంది. శివమొగ్గ దాటాక కూడ్లి దగ్గర తుంగ, భద్ర ఒకటవుతాయి. హోసపేట దగ్గర 33 గేట్ల ఆనకట్ట వెనక నిలుస్తాయి. 2024 ఆగస్టులో అందులో 19వ గేటు కొట్టుకుపోతే, ఉరకలేసే నీళ్లలో అడ్డుపలకలు దించి నిలబెట్టిన నిపుణుడు మన కన్నయ్యనాయుడు. అప్పటికాయన వయసు డెబ్బై దాటింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కర్నూలు చేరాం. తుంగభద్ర వంతెన దగ్గర బళ్లు ఆపాం. ఎండ కాస్తోంది. కింద నది ఎర్రమట్టి రంగులో, ఒడ్డులు ఒరుసుకుంటూ పారుతోంది. బుల్లెట్ వాడు రాయి మీద కూర్చుని బూట్లు విప్పి తలకిందులు చేశాడు. వాటిలోంచి చారెడు నీళ్లు కారాయి.

"ఇవెక్కడివిరా, ఇంకా ఆరలేదా?" అన్నాను.

"ఆగుంబెవి. అవి కూడా ఇక్కడికే వచ్చాయి" అన్నాడు, నదిని చూస్తూ.

బూట్లు బండి హ్యాండిల్‌కు కట్టుకుని, వాడు చెప్పులతోనే హైదరాబాద్ దాకా నడిపాడు.